తీసినప్పుడే చూసుకోవద్దా? ఆపరేషన్ టేబుల్ పక్కకు మైక్రోస్కోప్ వచ్చిన కథ

ఈ రోజు కథ మా ఊరి నుంచి మొదలవుతుంది. మాది అమ్రాబాద్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూరు దగ్గర లోపలికి తిరిగితే వస్తుంది. మల్లెలతీర్థం కోసమో, ఫరహాబాద్ సఫారీ కోసమో మీలో చాలామంది ఆ పక్కకు వచ్చే ఉంటారు. మా పెద్దనాయన అక్కడే వ్యవసాయం చేస్తాడు. కొన్నేళ్ల కింద ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాం. సర్జన్ బయటికొచ్చి "గడ్డ మొత్తం తీసేశాం, బాగా జరిగింది" అన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. పన్నెండో రోజున పాథాలజీ రిపోర్ట్ వచ్చింది. దాంట్లో "మార్జిన్ పాజిటివ్" అని ఉంది. నేను బీటెక్ చదివినోణ్ని, సాఫ్ట్‌వేర్‌లో పని చేసినోణ్ని. పాజిటివ్ అంటే మంచిదే కదా అనుకుని ఊర్లో అందరికీ ఫోన్ చేసి చెప్పేశా. సాయంత్రం డాక్టర్ దగ్గరికి పోతే అసలు అర్థం తెలిసింది. తీసిన గ్రంథి అంచు దాకా క్యాన్సర్ కణాలు ఉన్నాయట. అంటే కొన్ని లోపల మిగిలిపోయి ఉండొచ్చు. కాబట్టి రేడియేషన్ పెట్టాలి అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో పెద్దనాయన ఒకటే మాట అడిగాడు. "తీసినప్పుడే సూసుకోవద్దారా కొడుకా? కడుపు కుట్టేసినంక పన్నెండు దినాలకు చెప్తే ఏం ఫాయిదా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ ఎపిసోడ్ ఆ జవాబే. నూట ఇరవై ఏళ్లుగా డాక్టర్లు సరిగ్గా ఇదే ప్రశ్న వెనక పడ్డారు. ఆ కథలో విశాఖపట్నంలో పెరిగిన ఒక పిల్లాడున్నాడు, నిజాం కాలేజీలో చదివిన ఒక తెలుగాయన ఉన్నాడు, మన ఏఐకి పునాది వేసిన ఒక అమెరికన్ ఉన్నాడు.

ముందు అసలు సమస్య ఏందో చూద్దాం. ప్రొస్టేట్ గ్రంథి మగవాళ్లకు మూత్రాశయం కింద ఉంటుంది, సుమారు ఒక పెద్ద ఉసిరికాయంత. మూత్రనాళం దాని మధ్యలోంచి పోతుంది. మూత్రాన్ని ఆపే కండరం దాని కిందనే ఉంటుంది. లైంగిక శక్తికి అవసరమైన నరాల కట్టలు దాని రెండు పక్కలా అతుక్కుని ఉంటాయి.

నల్గొండ బత్తాయిని ఊహించుకోండి. లోపల ఎక్కడో కుళ్లు మొదలైంది. తొక్క దాకా రాకపోతే కాయ తీసి పారేస్తే కథ అయిపోయింది. కుళ్లు తొక్కను దాటి ఉంటే, పక్కన ఆనుకున్న ఆకులను కూడా తుంచాలి. ఇక్కడ ఆ ఆకులే నరాలు. తుంచితే క్యాన్సర్ నుంచి రక్షణ ఎక్కువ, కానీ మనిషి జీవితం మారిపోతుంది. తుంచకపోతే జీవితం బాగుంటుంది, కానీ క్యాన్సర్ మిగిలిపోయే భయం. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. సర్జన్ కంటికి ఆ కణాలు కనపడవు. అంటే ఆ నిర్ణయం చాలావరకు ఆపరేషన్‌కు ముందు చేసిన స్కాన్లు, బయాప్సీ, అనుభవం మీదే ఆధారపడుతుంది.

మరి పన్నెండు రోజులు ఎందుకు? తీసిన గ్రంథి ఉపరితలానికి పాథాలజిస్ట్ సిరా పూస్తారు. ఫార్మలిన్‌లో నానబెడతారు. ఆల్కహాల్‌తో నీళ్లన్నీ లాగేస్తారు. కరిగిన మైనంలో పోసి దిమ్మె చేస్తారు. ఆ దిమ్మె నుంచి 4, 5 మైక్రాన్ల మందంలో పొరలు కోస్తారు. మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు ఆ పొర. దానికి హెమటాక్సిలిన్, ఇయోసిన్ అని రెండు రంగులు వేస్తారు. కణాల కేంద్రకాలు ఊదా రంగులో, మిగతాది గులాబీ రంగులో కనిపిస్తుంది. అప్పుడు క్యాన్సర్ కణం సిరాను తాకిందా లేదా అని చూస్తారు. తాకితే మార్జిన్ పాజిటివ్. ఇది అద్భుతమైన పద్ధతి, ఇప్పటికీ తుది తీర్పు దీనిదే. కానీ దీనికి రోజులు పడుతుంది. మా భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ క్రాష్ అయినంక లాగ్ ఫైల్ చదవడం లాంటిది. తప్పు ఎక్కడుందో తెలుస్తుంది, కానీ అప్పటికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

ఇక చరిత్రలోకి పోదాం.

1891లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియమ్ వెల్చ్ అనే పాథాలజిస్ట్ ఒక ప్రయత్నం చేశాడు. సర్జన్ హాల్‌స్టెడ్ ఆపరేషన్ చేస్తుండగా ముక్కను గడ్డకట్టించి, కోసి, చూసి చెప్పాలనుకున్నాడు. ఆయన చెప్పేలోపే అవతల ఆపరేషన్ అయిపోయింది. ఆలోచన సరైనదే, వేగం చాలలేదు.

అదే ఆసుపత్రిలో 1904లో హ్యూ హాంప్టన్ యంగ్ అనే డాక్టర్ క్యాన్సర్ కోసం ప్రొస్టేట్‌ను పూర్తిగా తీసే ఆపరేషన్ చేశాడు. ఆ రోజు సహాయంగా నిలబడింది హాల్‌స్టెడే. ఈ ఆపరేషన్‌తో రోగి బతికినా, చాలామందికి మూత్రం ఆగేది కాదు, దాంపత్య జీవితం దాదాపు ముగిసిపోయేది.

తర్వాతి ఏడాది, 1905. మినెసోటాలోని మేయో క్లినిక్‌లో విలియమ్ మేయో తన పాథాలజిస్ట్ లూయిస్ విల్సన్‌ను అడిగాడు: రోగి బల్ల మీద ఉండగానే అది క్యాన్సరో కాదో చెప్పే దారి వెతకండి అని. మా పెద్దనాయన ప్రశ్నే! జనవరి నెల, మినెసోటా చలి మీకు తెలుసు కదా, సున్నాకు ఎంతో కిందకు పోతుంది. విల్సన్ ముక్కను కిటికీ బయట పెట్టి గడ్డకట్టించాడు. పల్చగా కోసి, మెథిలీన్ బ్లూ అనే రంగు వేసి చూశాడు. నిమిషాల్లో కణాలు కనిపించాయి. ఆ పద్ధతిని ఆ ఏడాదే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ప్రచురించాడు. ఫ్రోజెన్ సెక్షన్ అని ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో చేసేది దీని వారసత్వమే. కిటికీ బదులు ఇప్పుడు సున్నాకు 20 డిగ్రీల కింద ఉండే క్రయోస్టాట్ అనే యంత్రం వచ్చింది.

ఇక ప్రొస్టేట్ విషయంలో అసలు మలుపు 1982. మళ్లీ జాన్స్ హాప్కిన్సే. పాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ నెదర్లాండ్స్ డాక్టర్ డాంకర్‌తో కలిసి ఆ నరాల కట్టలు ఎక్కడున్నాయో పట్టుకున్నాడు. వాటిని కాపాడుతూ గ్రంథిని తీయొచ్చని చేసి చూపించాడు. అప్పటి నుంచి ప్రశ్న మారింది. ఇంతకు ముందు ప్రశ్న "ఇది క్యాన్సరా?" ఇప్పుడు ప్రశ్న "ఈ నరాన్ని ఉంచొచ్చా, తీసేయాలా?" రెండో ప్రశ్న చాలా కష్టం, ఎందుకంటే జవాబు మిల్లీమీటర్లలో ఉంది.

2000 తర్వాత రోబో వచ్చింది. ఇక్కడ మన తెలుగు పేరు ఒకటి ఉంది. డెట్రాయిట్‌లో ఐటీ కంపెనీ పెట్టి ఎదిగిన తెలుగాయన రాజ్ వట్టికూటి అక్కడి హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి 2001లో 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. అక్కడ డాక్టర్ మణి మీనన్ బృందం రోబోతో ప్రొస్టేట్ తీసే పద్ధతిని తీర్చిదిద్దింది. ఆ పద్ధతికి పెట్టిన పేరు వట్టికూటి ఇన్‌స్టిట్యూట్ ప్రొస్టేటెక్టమీ. ప్రపంచంలో యూరాలజీ చదివేవాళ్లు ఒక తెలుగు ఇంటిపేరును పలికారంటే దీని వల్లే.

రోబోతో రక్తం తక్కువ పోతుంది, చూపు పది రెట్లు పెరుగుతుంది. కానీ ఒకటి పోయింది, చేతి స్పర్శ. పాత సర్జన్లు వేలితో తడిమి "ఇక్కడ గట్టిగా ఉంది" అని గుర్తుపట్టేవాళ్లు. రోబో ముందు కూర్చున్న సర్జన్‌కు ఆ అవకాశం లేదు. అంటే మైక్రోస్కోప్ అవసరం ఇంకా పెరిగింది.

దీనికి జర్మనీలో హాంబర్గ్‌లోని మార్టిని క్లినిక్ వాళ్లు ఒక దారి పట్టారు. గ్రంథిని తీయగానే, నరాలను ఆనుకున్న వైపు మాత్రం కోసి ఫ్రోజెన్ సెక్షన్ చేస్తారు. అంచులో క్యాన్సర్ ఉంటే అప్పుడే ఆ పక్క నరాన్ని తీసేస్తారు. లేకపోతే ఉంచేస్తారు. దీని పేరు న్యూరోసేఫ్. 11,069 మంది రోగుల అనుభవాన్ని 2012లో ప్రచురించారు. నరాలు కాపాడిన కేసులు పెరిగాయి, పాజిటివ్ మార్జిన్లు తగ్గాయి. 2025లో బ్రిటన్‌లో 5 ఆసుపత్రుల్లో చేసిన ట్రయల్ ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే, న్యూరోసేఫ్ చేసినవాళ్లలో 39 శాతం మందికి అంగస్తంభన సమస్య లేదు లేదా స్వల్పంగా ఉంది. మామూలు పద్ధతిలో అది 23 శాతమే. నంబర్ చిన్నదిగా అనిపించొచ్చు. ఆ తేడాలో ఉన్న ఇంటి గురించి ఆలోచించండి.

మరి ఇదే అన్నిచోట్లా చేయొచ్చు కదా? ఇబ్బంది ఏందంటే, దీనికి మనుషులు కావాలి. పాథాలజిస్ట్, టెక్నీషియన్లు, క్రయోస్టాట్ అన్నీ థియేటర్ పక్కనే సిద్ధంగా ఉండాలి. అరగంట, ముప్పావుగంట పడుతుంది. గడ్డకట్టినప్పుడు మంచు స్ఫటికాలు కణాలను చెడగొడతాయి. కొవ్వు సరిగ్గా గడ్డకట్టదు, కోతకు లొంగదు. అప్పుడొచ్చింది కొత్త ఆలోచన. అసలు గడ్డకట్టించకుండా, కోయకుండా, తాజా ముక్కనే నేరుగా మైక్రోస్కోప్ కింద పెట్టి చూడలేమా?

ఇక్కడ సమస్య మందం. మామూలు మైక్రోస్కోప్ కింద మందపాటి ముక్క పెడితే పై పొరలు, కింది పొరలు అన్నీ కలిసి మసకగా కనిపిస్తాయి. దీనికి పరిష్కారం చూపినవాడు మార్విన్ మిన్స్కీ. ఏఐ చదివినవాళ్లకు ఈ పేరు తెలుసు. 1956లో డార్ట్‌మత్ సమావేశం పెట్టి ఏఐ అనే రంగాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. ఆయనే 1957లో కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌కు పేటెంట్ దరఖాస్తు చేశాడు. మెదడు కణాలను చూడాలని తయారుచేసుకున్నాడు. సూదిబెజ్జం లాంటి రంధ్రం గుండా వెలుతురు పంపి, ఒక్క బిందువు నుంచి వచ్చే వెలుతురును మాత్రమే తీసుకుని మిగతా మసకనంతా ఆపేయడం దీని కిటుకు. అంటే ముక్కను కత్తితో కోయకుండా వెలుతురుతో కోసినట్టు. లేజర్లు, కంప్యూటర్లు వచ్చేదాకా అది పెద్దగా వాడకంలోకి రాలేదు.

2019లో ఇటలీలోని మోడెనా డాక్టర్లు ఈ పద్ధతిని తాజా ప్రొస్టేట్ ముక్కల మీద పెట్టారు. ముక్కను అక్రిడిన్ ఆరెంజ్ అనే రంగులో కొన్ని సెకన్లు ముంచి, లేజర్లతో స్కాన్ చేస్తారు. కంప్యూటర్ ఆ బొమ్మకు పాథాలజిస్ట్‌కు అలవాటైన ఊదా, గులాబీ రంగులు వేసి చూపిస్తుంది. నిమిషాల్లో పని. అంతకుముందే, 2016లో, అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో రకం వెలుతురుతో తీసిన ప్రొస్టేట్ ఉపరితలం మొత్తాన్ని గిగాపిక్సెల్ బొమ్మగా తీసి చూపించారు. మీ ఫోన్ కెమెరా 50 మెగాపిక్సెల్ అనుకుంటే, ఒక్క గిగాపిక్సెల్ దానికి 20 రెట్లు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. రంగు కూడా వేయకుండా చూడగలమా?

సీవీ రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలో, 1888లో. కానీ నాలుగేళ్ల వయసులో విశాఖపట్నం వచ్చేశాడు. నాన్న అక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. సముద్రం పక్కన పెరిగి, 11 ఏళ్లకే అక్కడ మెట్రిక్ పాసయ్యాడు. తర్వాత ప్రభుత్వ అకౌంట్స్ శాఖలో మంచి ఉద్యోగం. పదేళ్లు చేసి 1917లో దాన్ని వదిలి, తక్కువ జీతానికి కలకత్తాలో ప్రొఫెసర్‌గా చేరాడు. 1928 ఫిబ్రవరి 28న ఆయన బృందం ఒక విషయం కనిపెట్టింది. ఒక పదార్థం మీద ఒకే రంగు వెలుతురు వేస్తే, చెదిరి వచ్చే వెలుతురులో దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. కానీ కోట్లలో ఏ ఒక్క కణమో రంగు మార్చుకుని వస్తుంది. ఎంత మారింది అన్నది ఆ పదార్థంలోని అణువుల కంపనం మీద ఆధారపడుతుంది. అంటే ప్రతి అణువుకూ ఒక వేలిముద్ర. దీనికే 1930లో నోబెల్. మనం ఏటా ఫిబ్రవరి 28న జరుపుకునే సైన్స్ డే కూడా దీనికోసమే.

ఆ 1928లోనే హైదరాబాద్ నిజాం కాలేజీలో బీఎస్సీ చదివిన సూరి భగవంతం అనే కుర్రాడు కలకత్తా పోయి రామన్ దగ్గర చేరాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లి వాడు. తర్వాత ఆంధ్ర యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పాడు, రామన్ ఎఫెక్ట్ మీద పుస్తకం రాశాడు, 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నాడు. మన క్యాంపస్‌లో రోజూ తిరిగినవాళ్లలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? నాకైతే ఈ ఎపిసోడ్ తయారుచేసేదాకా తెలియదు.

రామన్ వెలుతురుతో ఇబ్బంది ఏందంటే, అది చాలా బలహీనం. అప్పట్లో ఒక్క ఫొటో ప్లేటు మీద గీత పడాలంటే గంటల తరబడి ఆగాలి. ఆపరేషన్ థియేటర్‌లో అంత సమయం ఎక్కడిది? ఎనభై ఏళ్ల తర్వాత, 2008లో, హార్వర్డ్‌లో సన్నీ షీ బృందం దారి చూపింది. ఒక లేజర్ బదులు రెండు. వాటి మధ్య తేడాను అణువు కంపనానికి సరిగ్గా సరిపోయేట్టు పెడితే సంకేతం వేల రెట్లు పెరుగుతుంది. ఊయలను సరైన సమయానికి తోస్తే ఎత్తుకు పోతుంది కదా, అట్లా. కొవ్వుకు ఒక కంపనం, ప్రోటీన్‌కు ఒక కంపనం. రెండింటినీ రెండు రంగులుగా చూపిస్తే కణాలు, కేంద్రకాలు విడివిడిగా కనిపిస్తాయి. రంగు వేయలేదు, గడ్డకట్టించలేదు, మైనం లేదు.

2017లో మిషిగన్ యూనివర్సిటీలో డేనియల్ ఆరింజర్ బృందం ఈ యంత్రాన్ని థియేటర్‌లోకే తెచ్చి మెదడు గడ్డల మీద వాడింది. 2020లో దానికి ఏఐ జోడించి 278 మంది రోగుల మీద పరీక్షించారు. రెండున్నర నిమిషాల్లోపు జవాబు. ఏఐ 94.6 శాతం సరిగ్గా చెప్పింది, మామూలు పద్ధతిలో పాథాలజిస్టులు 93.9 శాతం. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు ఇదే యంత్రంతో తాజా ప్రొస్టేట్ బయాప్సీలను చూసి ఫలితాలు ప్రచురించారు. విశాఖ సముద్రం పక్కన పెరిగిన పిల్లాడు పట్టుకున్న వెలుతురు, ప్రొస్టేట్ ముక్క దాకా వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇది మాయాజాలం కాదు. ఈ యంత్రాలు పైపొరనే చూస్తాయి, లోతుకు పోలేవు. కరెంటు కత్తితో కాలిన అంచు దగ్గర బొమ్మ చెడిపోతుంది. తీసిన గ్రంథి మీద ఫలానా చోట క్యాన్సర్ ఉందని తెలిసినా, ఒంట్లో అది సరిగ్గా ఎక్కడికి సరిపోతుందో పట్టుకోవడం ఇంకో సవాలు. మార్జిన్ పాజిటివ్ అంటే క్యాన్సర్ తిరిగి వచ్చేసినట్టు కాదు, నెగెటివ్ అంటే ఎప్పటికీ రాదనీ కాదు. ఇంకా మన దగ్గర ప్రతి థియేటర్‌లో ఇవి లేవు.

కానీ ఒక్కటి గమనించండి. గాజు పలక మీద ముక్క ఉంటే పాథాలజిస్ట్ అక్కడే ఉండాలి. ఇక్కడ ముక్క మొదటి నుంచే డిజిటల్ బొమ్మ. థియేటర్ ఒక ఊర్లో, చూసే డాక్టర్ ఇంకో ఊర్లో ఉండొచ్చు. పాథాలజిస్టులు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉండే మనలాంటి చోట ఇది చాలా పెద్ద విషయం. మా అడవి రోడ్డు మీద సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, నిజమే. అయినా జిల్లా ఆసుపత్రిలో నెట్ ఉంటుంది కదా. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మా ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. అంతకుముందు పెద్దాపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే. అది మారింది. ఇది కూడా మారొచ్చు, మనం అడిగితే.

అడగాల్సినవి సింపుల్‌గా చెప్తా. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అంటే, సర్జన్‌ను అడగండి: ఆపరేషన్ మధ్యలో అంచులు పరీక్షించే ఏర్పాటు ఉందా? నరాల విషయంలో మీ ఆలోచన ఏంది? ఫైనల్ రిపోర్ట్ ఎన్ని రోజులకు వస్తుంది, అంచులో ఉంటే తర్వాత ఏం చేస్తారు? ఈ మూడూ అడగడం తప్పు కాదు. మేము ఒక్కటీ అడగలేదు.

ఇంకో మాట. పెద్దనాయన రాత్రి నాలుగైదు సార్లు లేచేవాడు. సిగ్గుపడి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. అట్లా లేవడం చాలాసార్లు క్యాన్సర్ కాదు, వయసుతో గ్రంథి ఉబ్బడమే. క్యాన్సర్ మొదట్లో అసలు ఏ సూచనా ఇవ్వకపోవచ్చు కూడా. కానీ డాక్టర్‌కు చూపిస్తేనే కదా తెలిసేది. మీ నాయన, మీ తాత ఈ విషయం మీతో వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరే అడగాలి.

పెద్దనాయన రేడియేషన్ పూర్తి చేసుకున్నాడు. పీఎస్ఏ పరీక్ష ఇప్పుడు బాగానే వస్తోంది. పోయిన పండుగకు ఊరికి పోయినప్పుడు, చేను గట్టు మీద కూర్చుని ఈ కథంతా ఆయనకు చెప్పా. కిటికీ బయట గడ్డకట్టించిన విల్సన్ దగ్గర నవ్వాడు. రామన్ దగ్గర మాత్రం ఆపి అడిగాడు. "అంటే ఆయన కూడా నీ లెక్కనే మంచి కొలువు ఇడిసిపెట్టిండా?" అవును అన్నా. కాసేపు చేను వైపు చూసి అన్నాడు. "గాయిన ఇడిసినందుకు ఇంత పనయింది. నువ్వు ఇడిసినందుకు, నేను అడిగింది నలుగురికి చెప్పు. గంతే చాలు."

చెప్పాను పెద్దనాయనా. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈ లోపు ఇంటికి ఒక ఫోన్ చేయండి.